ఈడుపు నడక

పిట్టలకి జ్ఞాపకం ఉండదని ఎవరైనా అంటే వాళ్లని పట్టుకొచ్చి గుడ్లతిప్ప మీద వట్టికాళ్లతో ఒక్క నిమిషం నడిపించాలి. ఆ తరవాత ఆ మాట ఇంకెక్కడా అనరు.

గుడ్లతిప్ప చిన్న ఇసక దీవి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, అంటే పాటు వేళ, బలుసుపాలెం ఒడ్డు నుంచి దానికి ఒక ఇసక దారి తేలుతుంది. పోటు వచ్చిందంటే ఆ దారి మునిగిపోతుంది. ఎండాకాలం మొదట్లో వేలకొద్దీ తెల్లటి సముద్రపు పిట్టలు అక్కడికి చేరి, గూడూ గీడూ లేకుండా ఒట్టి ఇసకలోనే గుడ్లు పెడతాయి. ఊళ్లో వాటిని గంగపిట్టలంటారు. ప్రభుత్వం వారు పాతిన బోర్డు మీద మాత్రం 'సముద్ర పక్షుల అభయారణ్యం' అని రాసి ఉంటుంది. అరణ్యం అనడానికి ఆ తిప్ప మీద చెట్టు అన్నది లేదు. ఇక అభయం సంగతి ఊళ్లో ఎవరినడిగినా మొహం పక్కకి తిప్పుకుంటారు.

ముప్పై ఏళ్లు గుడ్ల దొంగలు రాకుండా ఆ తిప్పకి కాపలా కాసినవాడు పెమ్మాడి తాతారావు. ఇప్పుడు కాపలా లేదు, ఎడమ కన్ను లేదు. రోజూ పొద్దున్నే వచ్చి ఇసక దారి మొదట్లో గొంతుక్కూచుని, మిగిలిన కన్నుతో తిప్ప వైపు చూస్తూ ఉంటాడు. అతని కూతురు నూకరత్నం రోజూ అతని పక్కనుంచే ల్యాబుకి పోవాలి. అదే ఒడ్డున, రెండు వందల అడుగుల దూరంలో, రేకుల కప్పు వేసిన ఆ గదిలో ఆమెకి ఉద్యోగం.

"ఎల్తన్నావా ఆవిడ కాడికి?" అన్నాడు ఆ రోజు.

"పనికి ఎల్తన్నాను నాన్నా."

"ఎల్లు. ఒక కన్ను ఇచ్చాం కదా, రెండోది ఎప్పుడు కావాలో అడుగు."

రత్నం పళ్లు బిగించి నడిచింది. బదులు చెప్పి చెప్పి ఆమె నోరు కూడా అరిగిపోయింది. తండ్రి మీద కోపం, డాక్టరు మీద కోపం, అన్నిటికన్నా ఆ పిట్టల మీద కోపం. చిన్నప్పటి నుంచి చూస్తున్న పిట్టలే, నిరుడు ఒక్కసారిగా పగబట్టినట్టు తాతారావు మీద విరుచుకుపడ్డాయి. అతను గుడ్ల మధ్య పది అడుగులు వేశాడో లేదో, తెల్లటి తెర ఒకటి పైకి లేచి తల మీద పడింది. ముక్కులు సూదుల్లా ఉంటాయి వాటికి. ఒడ్డుకి వచ్చేసరికి ఎడమ కన్ను చెంప మీద కారుతోంది.

కన్ను పోయినందుకు అతను అంత ఏడవలేదు. తరవాత డాక్టర్ హైమవతి పై ఆఫీసుకి పంపిన రిపోర్టు వల్ల ఏడ్చాడు. 'పక్షులు ఈ వ్యక్తిని శత్రువుగా గుర్తిస్తున్నాయి. గుడ్ల దొంగతనాల్లో ఇతని పాత్రను పరిశీలించాలి' అని అందులో ఉంది. ఉద్యోగం ఊడింది. ఊళ్లో తాతారావు ఎదురైతే జనం పలకరించబోయి ఆగిపోవడం మొదలైంది.

"పిట్టలు అబద్ధం చెప్పవు రత్నం," అంది డాక్టరు అప్పుడు, చల్లగా. ఆవిడ ఏ మాటైనా అంతే చల్లగా అంటుంది.

ఆ పిట్టలకి చదువు చెప్పింది ఆవిడే.

అయిదేళ్ల కిందట హైమవతి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఒక గుడ్డు తెచ్చి రత్నం చెవి దగ్గర పెట్టింది. లోపల్నుంచి సన్నగా కీచు కీచుమని వినిపించింది. రత్నం ఉలిక్కిపడి నవ్వింది.

"పిల్ల బయటికి రావడానికి ఇంకా అయిదు రోజులుంది. అప్పటికే వింటుంది, నేర్చుకుంటుంది," అంటూ డాక్టరు ఒక మీట నొక్కింది. తల్లిపిట్ట గద్దని చూసి వేసే కేక స్పీకర్లోంచి వచ్చింది. గుడ్డు ఠక్కున నోరు మూసుకుంది. మళ్లీ ఇంకో మీట. తల్లి చేప తెచ్చినప్పుడు పిల్లల్ని పిలిచే పిలుపు. గుడ్డులోంచి కీచుకీచు మళ్లీ మొదలైంది.

"ఇప్పుడు ఆ కేకతో కలిపి ఏ చప్పుడు వినిపించినా, అది జీవితాంతం శత్రువు చప్పుడే. పిలుపుతో కలిపి వినిపించింది అమ్మ చప్పుడు. ఈ దొంగల అడుగుల చప్పుడు గుడ్లకే నేర్పిస్తే, ఇక ఈ దీవికి కాపలావాడి అవసరం ఉండదు. పిట్టలే కాపలా."

అప్పట్లో రత్నానికి అది ఎంత గొప్పగా తోచిందో చెప్పలేం. తనే స్వయంగా తిప్ప మీద ఇసకలో నలభై పలకలు పాతింది. గుడ్ల కింద నుంచి సన్నగా అదిరే పలకలు, పైన నిలబడ్డ మనిషికి ఏమీ వినిపించదు. పాతాక మొదటి ఏడాదంతా ఆ పలకలే తిప్ప మీద నడిచిన ప్రతి అడుగునీ రికార్డు చేశాయి. వాటిని రెండు ఫైళ్లుగా విడదీసే పని డాక్టరు రత్నానికి అప్పగించింది. బూట్లవి ల్యాబు వాళ్లవి, ఒక ఫైలు. తక్కినవన్నీ బయటివాళ్లవి, ఇంకో ఫైలు. దొంగల అడుగులు డాక్టరే విడిగా ఏరుకుంటుందనీ, ఇది ఎంతమంది వచ్చిపోతున్నారో లెక్క కోసమనీ అనుకుంది రత్నం. ఒక చోట ఎడమ కాలు కాస్త ఆలస్యంగా కదిలే నడక వినిపిస్తే, 'మా నాన్నే' అని నవ్వుకుని, ఆ ఫైలు కూడా బయటివాళ్లలోకి లాగి పడేసింది.

ఆ గుడ్లలోంచి పుట్టిన పిట్టలు సముద్రాల మీద తిరిగి తిరిగి, గుడ్లు పెట్టే వయసుకి, మూడో ఏట తిప్పకి వచ్చాయి. ఒకటి లేస్తే వెయ్యి లేస్తాయి. పాతవి కూడా కొత్తవాటిని చూసి నేర్చుకున్నాయి. తాతారావు కన్ను పోయింది ఆ ఏడే.

ఆ రోజు రత్నం ల్యాబులోకి వెళ్లేసరికి బల్ల మీద చెడిపోయిన పలక ఒకటి విప్పి ఉంది. డాక్టరు దానికి పెద్ద స్పీకరు తగిలించి పరీక్ష చేస్తోంది. గద్ద కేక, దాని వెనకాల సర్ర్... సర్ర్... సర్ర్. ఎడమ కాలు ఒక క్షణం ఆలస్యంగా.

రత్నం చేతిలోని నీళ్ల సీసా కింద పడింది.

"మేడం, ఇది మా నాన్న నడక."

"మీ నాన్నదొక్కటే కాదు," అంది హైమవతి తలెత్తకుండా. "బూట్లు లేని నడకలు నాలుగు వందలు దొరికాయి. ఊరు మొత్తానిది ఇదే పద్ధతి. ఇసకలో కాళ్లు ఈడ్చుకుంటూ. ఎందుకో నాకు మొదటి వారమే అర్థమైంది. అడుగుల జాడ చెరిపెయ్యడానికి. దొంగలకి తప్ప అంత జాగ్రత్త ఎవరికి కావాలి?"

రత్నం చెయ్యి చాచి స్పీకరు ఆపేసింది.

"జాడ చెరపడానికాండి? మేడం, గుడ్డు ఇసక రంగులో ఉంటాది. కంటికి ఆనదు. కాలెత్తి ఏత్తే దాని మీద పడుద్ది. అందుకని ఆ కాలంలో తిప్ప మీద మేం కాలెత్తం. వేళ్లు ఇసకలోకి దూర్చి ఈడ్చుకుంటా పోతాం. వేలికి గుడ్డు తగిలితే ఆగుతాం, సుట్టూ తిరిగెల్తాం. ఈడుపు నడకంటారు దాన్ని. మా ఊళ్లో పిల్లకి సరిగ్గా నడకే రాదు, ముందు ఇది నేర్పుతారు."

హైమవతి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"ఈ మాట అయిదేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు."

"మీరెప్పుడు అడిగారండి?"

ఆవిడ మొహం ఎర్రబడింది. సిగ్గుతోనో కోపంతోనో రత్నం పట్టించుకోలేదు. "సరే. పొరపాటు అయిందే అనుకుందాం," అంది డాక్టరు. "అయినా ఇప్పుడు ఆపడానికి లేదు. గుడ్లు ఆఖరి అయిదు రోజుల్లో ఉన్నాయి. ఆపేస్తే దొంగలు..."

ఆ మాట పూర్తి కాలేదు. కిటికీలోంచి ముగ్గురు మనుషులు కనిపించారు, పట్టపగలు, తలకి టోపీలు, చేతుల్లో బుట్టలు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఇసక దారి దాటి నేరుగా గుడ్ల మధ్యకి నడుస్తున్నారు. పిట్టల్లో ఒక్కటి కూడా లేవలేదు. బూటు దగ్గరికి వస్తే కాస్త పక్కకి జరిగి చోటిస్తున్నాయి. ఆ మనుషులు వంగి, ఏరి, బుట్టలో వేసుకుంటున్నారు.

రత్నం డాక్టరు వైపు తిరిగింది. "బూటు చప్పుడికి ఏం కలిపారండి?"

"మేత పిలుపు," అంది హైమవతి. "మేం లెక్కలకి వెళ్లాలి కదా. మమ్మల్ని పొడవకూడదని."

బయట తాతారావు అరుపు వినిపించింది. "ఒరేయ్! ఎవర్రా మీరు! దించండ్రా బుట్టలు!"

రత్నం బయటికి పరుగెత్తేసరికే అతను దారిలో సగం దూరం పోయాడు. "నాన్నా ఆగు! నువ్వు ఎల్లకు!" అని ఎంత కేకేసినా ఆగలేదు. ముప్పై ఏళ్ల కాపలా ఒక్క రిపోర్టుతో పోతుందా ఏమిటి? తిప్ప అంచు దాకా పరుగెత్తిన మనిషి, గుడ్లు కనపడగానే వేగం తగ్గించాడు. వేళ్లు ఇసకలోకి దూర్చాడు. ఈడ్చాడు.

తిప్ప మొత్తం లేచింది.

ఆ చప్పుడు ఒడ్డు దాకా కొట్టింది. తాతారావు రెండు చేతులతో మొహం కప్పుకుని ఇంకో నాలుగు అడుగులు వేశాడు, అవీ ఈడుస్తూనే. అతనికి ఇంకో రకంగా కాలు కదలదు. తరవాత మోకాళ్ల మీద పడ్డాడు, బోర్లా పడ్డాడు. ఆ మనిషి మీద పిట్టలు తప్ప ఇంకేమీ కనపడలేదు.

బుట్టలవాళ్లు వెనక్కి చూసి, బజారు నుంచి కూరలు తెచ్చుకుంటున్నవాళ్లలా తాపీగా దారి పట్టి వచ్చేశారు. రత్నం పక్కనుంచే పోయారు. ఒకడు "ముసలాయన్ని బూట్లేసుకోమనండి" అని కూడా అన్నాడు. వాడి గొంతు పిసికే తీరిక ఆమెకి లేదు.

పోటు మొదలైంది. పున్నమి పోటు, గుర్రం మీద వచ్చినట్టు వస్తుంది. తిప్ప చుట్టూ గుడ్లు లేని తడి ఇసక అంచు అప్పుడే నీళ్లలోకి పోయింది. తండ్రి దగ్గరికి మిగిలిన దారి ఒక్కటే, గుడ్ల మధ్య నుంచి. వట్టికాళ్లతో తను ఈడిస్తే తనూ అక్కడే పడుతుంది. అక్కడ పడి ఉన్న మనిషికి ఒక్క కన్ను మిగిలి ఉంది, దాని మీద రెండు అరచేతులు తప్ప ఇంకేం అడ్డం లేవు.

హైమవతి రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది.

"బూట్లిప్పండి," అంది రత్నం.

"నేను వెళ్తాను. నన్ను ఏమీ చెయ్యవు."

"ఎల్లి? మా నాన్నని మీరు మొయ్యగలరా? ఇప్పండి ముందు!"

డాక్టరు ఇసకలో కూలబడి బూట్లు లాగి ఇచ్చింది. ఇస్తూ, "రత్నం, కాళ్ల కింద..." అని ఆగిపోయింది. రత్నం వినిపించుకోలేదు. ఒక సైజు పెద్దవి. తాళ్లు బిగించి కట్టుకుంది.

ఆమె జీవితంలో మొట్టమొదటిసారి గుడ్లతిప్ప మీద కాలెత్తి నడిచింది. నడవడం కూడా కాదు, పరుగు. మొదటి అడుగుకే మడమ కింద అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. రెండో అడుగుకి లేదు. మూడో అడుగుకి రెండు చప్పుళ్లు. బూటు అడుగు మందం, కాలికి ఏమీ తెలియదు. తెలిస్తే ఆగిపోయేది. ఏడుపు తన్నుకొస్తుంటే నోరు తెరుచుకుని పరుగెత్తింది.

పిట్టలు ఆమెని ఏమీ అనలేదు. అదే భరించలేకపోయింది. ఒక పిట్ట కింద గుడ్డు ఆమె మడమ కింద చితికింది. పిట్ట పక్కకి జరిగి, మళ్లీ వచ్చి, ఆ తడి మీదే రెక్కలు సర్దుకుని కూర్చుంది. ఆమె వైపు చూసిన ఆ చూపులో భయమన్నది లేదు. పొడవండే, నన్ను పొడిచి చంపండే అనిపించింది రత్నానికి.

బూటు చప్పుడు దగ్గరయ్యే కొద్దీ తాతారావు మీద పిట్టలు ఒక్కొక్కటే తేలిపోయి కిందికి దిగాయి. అతని తల, వీపు నెత్తుటి ముద్ద. చేతులు మాత్రం మొహం మీద అలాగే బిగిసి ఉన్నాయి.

"నాన్నా, నేను. లెగు. నా మెడ పట్టుకో."

"కన్ను ఉందే," అన్నాడు అతను వేళ్ల సందులోంచి. "కన్ను దాసుకున్నానే."

రత్నం అతన్ని వీపున వేసుకుని లేచింది. బరువుతో బూట్లు ఇంకా లోతుగా దిగాయి. పది అడుగులు పోయాక తాతారావు దాచుకున్న ఆ కన్ను తెరిచి కిందికి చూశాడు.

"కాళ్లు... ఒసే కాళ్లు సూసుకోవే! గుడ్లే!"

"కన్ను మూసుకో నాన్నా."

"దించవే నన్ను! దించు! నేను నడుత్తాను!"

"నువ్వు నడిస్తే మళ్లీ లెగుత్తాయి! కదలకు!"

అతను గింజుకున్నాడు. భుజం మీద పిడికిళ్లతో కొట్టాడు. ముప్పై ఏళ్లలో ఒక్క గుడ్డు తొక్కని మనిషిని, దారి పొడవునా గుడ్లు తొక్కుతూ కూతురు మోసుకొచ్చింది. దారిలో నడుములోతు నీళ్లు దాటి ఒడ్డున దించేటప్పటికి అతను కొట్టడం మానేశాడు.

డాక్టరు గుడ్డలు తెచ్చి నెత్తురు తుడవబోతే చెయ్యి తోసేశాడు. రత్నం చెయ్యి కూడా తోసేశాడు.

మూడో రోజు పొద్దున తల నిండా కట్లతో తాతారావు తనంతట తనే ల్యాబు గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డాడు. అయిదేళ్లలో అతను ఆ గుమ్మం దగ్గరికి రావడం అదే మొదలు. హైమవతి గబగబా లేచి కుర్చీ జరిపింది. కూర్చోలేదు.

"రిపోర్టు మార్చి పంపాను తాతారావుగారూ. తప్పు నాదని రాశాను."

"దాంతో నాకేం పనండి? గుడ్లు పగలడానికి ఇంకా ఎన్నాళ్లుంది?"

"రెండు రోజులు."

"బూటు చప్పుడికి మేత పిలుపు ఏశారంట కదా. తీసెయ్యండి. దానికి కూడా గద్ద కేకే ఎయ్యండి."

డాక్టరు తల ఊపింది. ఈ రెండు రోజులుగా ఆవిడా అదే ఆలోచిస్తున్నట్టుంది, ముందుకి వంగి ఆత్రంగా చెప్పింది. "ఇంకో పని కూడా చేస్తాను. మీ నడకకి ఆ కేక తీసేసి, మేత పిలుపు కలుపుతాను. ఇప్పుడు పుట్టే పిల్లలు మూడేళ్లకి తిరిగొస్తాయి. అప్పుడు మీరు మళ్లీ వెళ్లొచ్చు. మీరు, మీ ఊరివాళ్లు. మిమ్మల్ని అమ్మ అనుకుంటాయి."

రత్నం తండ్రి వైపు తిరిగింది. చేయించుకో నాన్నా, అనబోయింది.

"వొద్దండి," అన్నాడు తాతారావు.

"నాన్నా!"

అతను ఆమె వైపు చూడలేదు. డాక్టరుతోనే మాట్లాడాడు. "బూట్లేసుకుంటే పిట్టలు లెగవని ఎన్నాళ్లకి తెలిసిందండి ఆ బుట్టలోళ్లకి? ఒక్క ఏడాది. ఈడుపు నడకైతే లెగవని తెలిత్తే ఆడు ఈడుపు నడక నేర్చుకోడాండి? వారంలో నేర్చుకుంటాడు. అమ్మనుకుని కూకున్నయ్యి, కాలు కింద పడి సచ్చిపోయినయ్యి. నేను సూశానండి, ఆ అమ్మాయి వీపు మీంచి. ఒక్కటీ అరవలేదు. మనిషిని నమ్మితే సత్తాయండి. నా నడకకీ కేకే ఉంచండి, బూటుకీ కేకే. ఎవడు కాలు పెట్టినా లెగాలి."

"అప్పుడు మీరు ఇక ఎప్పటికీ అక్కడ అడుగు పెట్టలేరు," అంది హైమవతి. "నేనూ పెట్టలేను. నా పని కూడా ఇక్కడితో..."

"ఆయ్," అన్నాడు తాతారావు. "ఎవరమూ ఎల్లొద్దండి."

హైమవతి కిటికీలోంచి ఒకసారి తిప్ప వైపు చూసింది. తరవాత కంప్యూటరు ముందు నుంచి పక్కకి తప్పుకుంది. "నువ్వే చెయ్యి రత్నం," అంది. "నాకు చెయ్యి రావడం లేదు."

రత్నం కూర్చుంది. బూటు నడకల ఫైలు తీసి గద్ద కేక పక్కన పెట్టింది. అది సులువుగానే అయింది. తరవాత రెండో ఫైలు. తెర మీద ఉంచాలా, తీసెయ్యాలా అని అడుగుతోంది. ఒక్కసారి వినిపించుకుంది. సర్ర్... సర్ర్... ఎడమ కాలు ఒక క్షణం ఆలస్యంగా. అప్పుడెప్పుడో తెలియక నవ్వుతూ పడేసిన ఫైలు. ఇప్పుడు తండ్రి వెనకాల నిలబడి ఉండగా, ఆ నడక ఏమిటో, ఎవరు నేర్పారో, ఎందుకు నేర్పారో అంతా తెలిసి, 'ఉంచు' అని నొక్కింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు బల్ల మీద పడుతున్నాయి. ఎవరూ ఓదార్చలేదు.

రెండు రోజులకి గుడ్లు పగిలాయి. ఆ మధ్యాహ్నమే టోపీలవాళ్లు మళ్లీ వచ్చి బూట్లతో ఇసక దారి ఎక్కారు. పెద్ద పిట్టలు మామూలుగానే చోటిచ్చాయి గానీ, వాటి కాళ్ల సందున ఇంకా రెక్కలు రాని పిల్లలు నోళ్లు తెరిచి ఒక్కసారిగా కేక పెట్టాయి. వేల పిల్లలు. అది విని తల్లులు లేచాయి. ముగ్గురూ బుట్టలు పారేసి నీళ్లలో పడుతూ లేస్తూ పరుగెత్తారు.

ఒడ్డున తాతారావు గొంతుక్కూచుని అంతా విన్నాడు. కేకలు సద్దుమణిగాయి. అతను లేచి, రత్నం వెనకాల రాగా, ఇసక దారి మీద తిప్పకి పది అడుగుల దూరం దాకా పోయి, అలవాటుగా వేళ్లు ఇసకలోకి దూర్చి, ఒక్కసారి ఈడ్చాడు. తిప్ప మీద పిల్లలు మళ్లీ కేక పెట్టాయి, టోపీలవాళ్లకి పెట్టిన కేకే.

"బతుకుతాయి," అన్నాడు కూతురి వైపు చూడకుండా. వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టాడు. మర్నాటి నుంచి ఒడ్డుకి రావడం మానేశాడు.